చెక్క నేల మీద చీమకుర్తి రాయి: అడుగు నుంచి చేసుకొచ్చిన పని

మన ఊళ్ళల్లో బండలు పరచడమంటే శ్లాబు మీద ఇసుక, సిమెంటు మాలు పోసి, మట్టం చూసి, రాయి కూర్చోబెట్టి చెక్క సుత్తితో తట్టడం. కింద కాంక్రీటు ఉంది, అది కదలదు. అమెరికాలో మనం కొనుక్కునే ఇళ్ళలో చాలావాటికి నేల చెక్కతో కట్టినదే. వరుసగా జాయిస్టులు (నేలని మోసే చెక్క వాసాలు), వాటి మీద ప్లైవుడ్, ఆ పైన మనం నడిచే పొర. అడుగు వేసిన ప్రతిసారీ అది కాస్త వంగి మళ్ళీ లేస్తుంది. కార్పెట్‌కి ఆ కదలిక పట్టదు. రాయికి పడుతుంది.

ఈ డైరీలో రాయి పరచడం చివర్లో కొంచెమే వస్తుంది. మిగతాదంతా దాని కింద చేసిన పనే. ఇదే పని తలపెట్టినవాళ్ళు కొలతలు చూసుకుని తమ ఇంటికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

గది, రాయి

- ఇల్లు న్యూజెర్సీలో, 1970లలో కట్టింది. గది వంటిల్లు, కింద బేస్‌మెంట్. బేస్‌మెంట్‌కి సీలింగ్ లేదు కాబట్టి జాయిస్టులన్నీ కళ్ళకు కనిపిస్తాయి.
- గది 12 అడుగులు × 14 అడుగులు, అంటే 168 చదరపు అడుగులు.
- జాయిస్టులు 2×8 డగ్లస్ ఫర్, 16 అంగుళాలకొకటి. ఒక గోడ నుంచి రెండో ఆధారం దాకా 12 అడుగుల పొడవు. 2×8 అని పేరే గానీ అసలు కొలత 1½ × 7¼ అంగుళాలు. లెక్కల్లో ఈ కొలతే వాడాలి.
- రాయి ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్. 18 × 18 అంగుళాల పలకలు, అర అంగుళం మందం. తూకం వేస్తే ఒక్కోటి 17 పౌండ్లు, అంటే చదరపు అడుగుకి దాదాపు 7½ పౌండ్లు. గది మొత్తానికి రాయే 575 కిలోల పైచిలుకు.

సాయానికి వచ్చిన మా బావమరిది పలకల పెట్టెలు చూడగానే "ఇంత బరువు ఆగుతుందా బావా?" అన్నాడు. అందరూ మొదట అడిగేది అదే. బరువుకి నేల కూలడం ఇక్కడ అసలు సమస్య కాదు. ఆ బరువంతా గదంతా పరుచుకుని ఉంటుంది, జాయిస్టులు మోయగలవు. తేలాల్సింది అవి ఎంత వంగుతాయన్నది. గ్రానైట్‌ని నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, వంచితే మాత్రం తట్టుకోలేదు. పగులు ముందు రాళ్ళ మధ్య గీతల్లో కనిపిస్తుంది, తర్వాత రాయి మీదికి పాకుతుంది.

దశ 1: ఏదీ పీకకముందే కొలవడం

పాత యజమాని పెరటి తలుపు దగ్గర కొంత మేర వినైల్ (నేల మీద అంటించే ప్లాస్టిక్ షీటు) తీసేసి సిరామిక్ టైల్స్ వేయించాడు. వాటి మధ్య గీతలు రెండు వరుసల్లో పగిలి ఉన్నాయి. టేపుతో కొలిచి, కింద బేస్‌మెంట్‌లోంచి సరిచూస్తే ఆ రెండు వరుసలూ కింది ప్లైవుడ్ పలకల అతుకుల మీదే పడ్డాయి. పగులు ఎక్కడుందో చూస్తే కింద ఏం కదులుతోందో తెలిసిపోతుంది. అందుకే పాత టైల్స్ పీకేముందు ఫోటో తీసి, పగుళ్ళ కొలతలు రాసిపెట్టుకోండి.

వంపు కొలవడానికి డయల్ ఇండికేటర్ వాడాం. అంగుళంలో వెయ్యో వంతు కదిలినా ముల్లు చూపిస్తుంది.

1. బేస్‌మెంట్ నేల మీద గట్టి స్టాండు పెట్టి, డయల్ మొనని జాయిస్ట్ అడుగున సరిగ్గా మధ్యలో ఆనించాలి.
2. ముల్లు సున్నా దగ్గర పెట్టాలి.
3. పైన అదే జాయిస్ట్ మీద 50 పౌండ్ల మోర్టార్ (రాయి అంటించే సిమెంటు మాలు) బస్తాలు పది పేర్చాలి.
4. ముల్లు ఎంత తిరిగిందో రాసుకుని, బస్తాలు తీసి, మళ్ళీ సున్నాకి వచ్చిందో లేదో చూడాలి.

మొదటి కొలత 0.19 అంగుళం. ముల్లు తిరిగి సున్నాకి వచ్చింది, అంటే చెక్క చచ్చిపోలేదు, పలచగా ఉందంతే.

వినైల్ షీటు ముక్క ఒకటి, దాని కింది జిగురుతో సహా, ల్యాబ్‌కి పంపాం. ఆ కాలపు వినైల్‌లో, జిగురులో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ప్రమాదమైన నార పదార్థం) ఉండే అవకాశం ఉంది. రిపోర్టు రాకముందు గీకడం, రుద్దడం పెట్టుకోవద్దు. మాది లేదని వచ్చింది. ఉందని వస్తే లైసెన్సు ఉన్నవాళ్ళతోనే తీయించాలి.

*ఇప్పటిదాకా ఖర్చు: ల్యాబ్ 60, డయల్, తేమ మీటర్ కలిపి 75. మొత్తం 135 డాలర్లు.*

దశ 2: పీకడం, కింద దొరికినవి

క్యాబినెట్లు విప్పి పక్క గదిలో పెట్టాం. పైనుంచి కిందికి దొరికిన పొరలు: వినైల్, 5/8 అంగుళం పార్టికల్ బోర్డు, అర అంగుళం ప్లైవుడ్, జాయిస్టులు. పార్టికల్ బోర్డు మీద రాయి పెట్టడం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. రంపపు పొట్టుని జిగురుతో నొక్కి చేసిన పలక అది. తడి తగిలితే ఉబ్బుతుంది, ఆరాక మళ్ళీ యథాస్థితికి రాదు. సింకు ముందు మాది అప్పటికే ఉబ్బి, వేలితో గిల్లితే రాలింది.

అర అంగుళం ప్లైవుడ్‌ని ఉంచి దాని మీద ఇంకో పొర వేద్దామని మొదటి ఆలోచన. డిష్‌వాషర్ చుట్టూ పొరలు విడిపోయి ఉండటంతో అది కూడా పూర్తిగా తీసేశాం. దానివల్ల జాయిస్టుల తలలు బయటపడ్డాయి. దశ 4 పనంతా దీనివల్లే తేలికైంది.

ఇంకోటి కూడా బయటపడింది. ఎప్పుడో డ్రైన్ పైపు పోనివ్వడానికి ఒక జాయిస్ట్ అడుగున, సరిగ్గా మధ్య భాగంలో, 2 అంగుళాల లోతు గంటు కోశారు. ఇక్కడి ఇళ్ళ నిర్మాణ కోడ్ ప్రకారం పొడవులో మధ్య మూడో వంతులో గంటు అసలే కోయకూడదు. చివరి భాగాల్లో కూడా లోతు జాయిస్ట్ ఎత్తులో ఆరో వంతు దాటకూడదు, అంటే మాకు 1.2 అంగుళాలు. చెక్క బిగువు దాని ఎత్తు ఘనంతో మారుతుంది. 7¼ అంగుళాలు ఉండాల్సిన చోట 5¼ మిగిలితే, అక్కడ బిగువు 38 శాతానికి పడిపోతుంది. కంటికి చిన్న గంటే, లెక్కలో పెద్ద నష్టం.

*ఈ దశలో చెత్త డబ్బా అద్దె 240. మొత్తం 375 డాలర్లు.*

దశ 3: లెక్క, దాన్నిబట్టి మధ్య దూలం

ఇక్కడి టైల్, రాతి పనివాళ్ళు పాటించే హద్దులు రెండు. సిరామిక్‌కి నేల వంపు పొడవులో 360వ వంతు దాటకూడదు. సహజమైన రాయికి 720వ వంతు. మా 12 అడుగులకి (144 అంగుళాలు) ఇవి 0.4 అంగుళం, 0.2 అంగుళం.

మనుషులు, సామాను బరువు చదరపు అడుగుకి 40 పౌండ్లు, నేల సొంత బరువు రాయితో కలిపి 20, మొత్తం 60 వేసుకున్నాను. నిజానికి రాయి సొంత బరువుకి వచ్చే వంపు చాలావరకు మోర్టార్ గట్టిపడేలోపే వచ్చేస్తుంది. అయినా చెక్క ఏళ్ళ తరబడి మెల్లగా కుంగుతుంది కాబట్టి దాన్ని కూడా కలిపే లెక్క కట్టాను.

- ఉన్నది ఉన్నట్టుగా: 0.49 అంగుళం, పొడవులో 294వ వంతు. రాయి మాట అటుంచి, ఈ బరువుకి సిరామిక్ హద్దు కూడా దాటింది.
- ప్రతి జాయిస్ట్‌కీ పక్కన ఇంకో 2×8 జత చేస్తే: 0.245 అంగుళం, 588వ వంతు. ఇంకా చాలదు.
- మధ్యలో కింద ఆధారంగా అడ్డంగా ఒక దూలం పెట్టి 12 అడుగులని రెండు ఆరుగా చేస్తే: 0.03 అంగుళం. ఆరు అడుగుల పొడవులో 2,300వ వంతుకి పైమాటే.

మూడో అంకె చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. వంపు పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. పొడవు సగమైతే వంపు పదహారో వంతు అవుతుంది. పైన ప్లైవుడ్ ఎంత మందంగా వేసినా ఈ లాభం రాదు. ప్లైవుడ్ మందం రెండు జాయిస్టుల మధ్య వంపుని తగ్గిస్తుంది. జాయిస్ట్ తన పొడవునా వంగడం వేరే సంగతి, దాన్ని కింద నుంచే సరిచేయాలి. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే చాలా ఇళ్ళలో ఒకటింబావు అంగుళం ప్లైవుడ్ మీద కూడా రాళ్ళు పగులుతున్నాయి.

దూలం పెట్టేముందు తక్కువ ఖర్చులో ఒకటి చేసి చూశాం. జాయిస్టుల మధ్య అడ్డంగా చెక్క దిమ్మెలు బిగించాం. అవే బస్తాలతో కొలిస్తే 0.19 కాస్తా 0.16 అయింది. దిమ్మెలు ఒక చోట పడిన బరువుని పక్క జాయిస్టులకి పంచుతాయి. గదంతా పరిచిన రాయి బరువుకి పంచుకోవడానికి పక్కన ఖాళీగా ఎవరూ ఉండరు. జాయిస్టులు పక్కకి ఒరగకుండా పట్టి ఉంచుతాయి కాబట్టి దిమ్మెలని అలాగే వదిలేశాం.

దూలానికి టౌన్‌షిప్ పర్మిట్ కావాలి, దానికి ఇంజనీర్ గీసిన ప్లాన్ కావాలి. ఈ ఖర్చు తప్పించుకోవద్దు. బేస్‌మెంట్ గచ్చు మీద నేరుగా స్తంభం నిలబెడితే గచ్చు పగిలి స్తంభం దిగబడుతుంది, పైన చేసిన పనంతా దాంతోపాటే దిగుతుంది.

1. మూడు చోట్ల గచ్చు కోసి, 24 × 24 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతు పునాది గుంటలు తీశాం. నడిమి స్తంభం మీద పడేది దాదాపు 3,900 పౌండ్లు. నాలుగు చదరపు అడుగుల పునాదికి, చదరపు అడుగుకి 1,500 పౌండ్లు మోసే నేల మీద 6,000 దాకా ఓపిక ఉంటుంది.
2. మూడు గుంటలకి కలిపి 12 ఘనపు అడుగుల కాంక్రీటు, అంటే 80 పౌండ్ల బస్తాలు 20.
3. ఇన్‌స్పెక్టర్ గుంటలు చూశాకే కాంక్రీటు పోశాం. పోసేశాక పిలిస్తే మళ్ళీ తవ్వమంటారు.
4. 2×10లు మూడు కలిపి బిగించిన దూలం, 7 అడుగులకొక ఇనుప స్తంభం. దూలం కింద తల ఎత్తు 6 అడుగుల 8¾ అంగుళాలు మిగిలింది.

జాయిస్టులు మధ్యలో అప్పటికే 3/8 అంగుళం కుంగి ఉన్నాయి. జాకీతో ఒక్కసారి 1/8 అంగుళం మాత్రమే లేపి, రెండు రోజులు వదిలేసి, మళ్ళీ లేపాం. మొత్తం పావు అంగుళం లేచేసరికి పై అంతస్తులో పడకగది తలుపు చట్రానికి పట్టేసింది. అక్కడితో ఆపి, స్తంభాలు బిగించి, ఒక్క పిసరు దించితే తలుపు వదిలింది. ఏళ్ళ తరబడి కుంగిన ఇంటిని మొత్తం తిన్నగా చేయాలని పట్టుబడితే పై గోడల ప్లాస్టర్ పగులుతుంది. మిగిలిన తేడాని తర్వాతి దశలో సరిచేయొచ్చు.

బస్తాలతో మళ్ళీ కొలత: ఆరు అడుగుల భాగం మధ్యలో 0.02, దూలం మీద 0.01.

*ఈ దశ ఖర్చు: ఇంజనీర్ 450, పర్మిట్ 150, చెక్క 140, స్తంభాలు 270, కాంక్రీటు, రంపం అద్దె 190. మొత్తం 1,575 డాలర్లు.*

దశ 4: జాయిస్టుల తలలన్నీ ఒక మట్టానికి

ఒక్క అంచైనా 15 అంగుళాలు, అంతకు మించి ఉన్న పలకలకి నేల 10 అడుగుల్లో 1/8 అంగుళం, 2 అడుగుల్లో 1/16 అంగుళం కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. పది అడుగుల అల్యూమినియం పట్టీ అడ్డంగా పెట్టి చూస్తే ఒక జాయిస్ట్ పావు అంగుళం పైకి, దాని పక్కది 1/8 కిందికి ఉంది. ఈ స్థితిలో ప్లైవుడ్ వేస్తే అదే ఎత్తుపల్లం రాయి దాకా వస్తుంది, ఒక పలక అంచు పక్క పలక కంటే పైకి లేస్తుంది. పాలిష్ చేసిన నల్ల రాయి మీద వెలుతురు పడితే ఆ తేడా దాచలేం.

ప్లైవుడ్ వేశాక పోసే లెవెలర్ (తనంతట తానే సమంగా పరుచుకునే సిమెంటు మాలు) ఒక దారి. పావు అంగుళం పోస్తే చదరపు అడుగుకి రెండున్నర పౌండ్లకి పైగా బరువు, చెక్క మీద ప్రైమర్, జాలీ అదనం. జాయిస్టులు కళ్ళ ముందే ఉన్నప్పుడు అది అనవసరం అనిపించింది.

1. ఎత్తున్న చోట కరెంటు చిత్రికతో గీశాం. మధ్యలో దూలం ఉంది కాబట్టి ఆ కొంచెం తగ్గినా పర్వాలేదు.
2. పల్లం ఉన్న జాయిస్టుల పక్కన 2×4 బద్దలు, తల భాగం మట్టం కోసం కట్టిన దారానికి సమంగా పెట్టి, జిగురు వేసి 3 అంగుళాల స్క్రూలతో బిగించాం.
3. గంటు కోసిన జాయిస్ట్‌కి పొడవునా కొత్త 2×8 జత చేసి బోల్టులు వేశాం. డ్రైన్ పైపుని కిందికి మార్పించాం.

తర్వాత ఎక్కడ పట్టీ పెట్టినా తేడా 1/16 లోపే.

*ఈ దశలో 95. మొత్తం 1,670 డాలర్లు.*

దశ 5: ప్లైవుడ్, రెండు పొరలు

రాయికి ఒక్క పొర చాలదు. కింద 3/4 అంగుళం గాడి, నాలుక అంచుల ప్లైవుడ్, పైన అర అంగుళం. పలకలని ముందే గదిలో మధ్య మధ్య బద్దలు పెట్టి పేర్చాం. తేమ మీటర్ జాయిస్టుల్లో 11 శాతం, కొత్త పలకల్లో 14 చూపించింది. తేడా దాదాపు పోయేదాకా ఆగాం, బేస్‌మెంట్‌లో డీహ్యూమిడిఫయర్ నడుస్తూనే ఉంది.

కింది పొర:

1. పలక పొడవు జాయిస్టులకి అడ్డంగా ఉండాలి. ప్లైవుడ్ బలం ఆ దిక్కునే ఎక్కువ.
2. జాయిస్ట్ తల మీద జిగురు గీత, ఆ పైన 2 అంగుళాల డెక్ స్క్రూలు. అంచుల్లో 6 అంగుళాలకి, నడుమ 8కి ఒకటి. డ్రైవాల్ స్క్రూలు పెళుసు, మెడ దగ్గర విరుగుతాయి.
3. పలక చివర్ల మధ్య 1/8 అంగుళం సందు. సందు కోసం ఒక మేకు పెట్టి తీశాం. గోడల దగ్గర పావు అంగుళం.

రెండో పలక మీద నడిస్తే ఒక చోట బోలు చప్పుడు. విప్పి చూస్తే జిగురు గీత నలగలేదు, గుండ్రంగా అలాగే ఉంది. చలికి గ్యారేజీలో ఉంచిన ట్యూబులు బిగుసుకుపోయి, పిండగానే పైన పొర కట్టాయి. ఆ జిగురంతా గీకేసి, ట్యూబులని ఒక రాత్రి ఇంట్లో ఉంచి మళ్ళీ వేశాం. ఆ తర్వాత ఒకేసారి ఒక్క పలకకి సరిపడా మాత్రమే జిగురు పిండాం.

పై పొర దగ్గర చాలామంది హడావిడి పడతారు. ఇక్కడ స్క్రూలు 1¼ అంగుళాలవి, అంటే రెండు పొరల మందం వరకే. అవి జాయిస్టుల్లోకి దిగకూడదు. దిగితే జాయిస్ట్ కదలిక నేరుగా పైకి వస్తుంది. అతుకులు కింది పొర అతుకుల మీద గానీ జాయిస్ట్ తల మీద గానీ పడకుండా, రెండు జాయిస్టుల మధ్య దూరంలో పావు వంతు జరిపి వేశాం. జాయిస్టులు ఎక్కడున్నాయో ముందే కింది పొర మీద చాక్‌పీస్ దారంతో గీసిపెట్టుకుంటే ఈ పని సులువు. రెండు పొరల మధ్య జిగురు వేయలేదు.

*ఇప్పటిదాకా మందం: 1¼ అంగుళాలు. చదరపు అడుగు బరువు: కింది పొర 2.3 + పై పొర 1.5 = 3.8 పౌండ్లు. ఈ దశ ఖర్చు 830, మొత్తం 2,500 డాలర్లు.*

దశ 6: మెంబ్రేన్

చెక్క తేమకి ఉబ్బుతుంది, తగ్గుతుంది. రాయి అలా కదలదు. రెండింటినీ విడదీసే పొరగా 1/8 అంగుళం డిట్రా అనే ప్లాస్టిక్ షీటు వేశాం. ఒక మాట గుర్తుంచుకోవాలి: ఇది అడ్డంగా సాగే కదలికని మింగుతుంది గానీ కిందికి వంగే నేలని బిగించదు. దశ 3 వదిలేసి దీన్ని నమ్ముకుంటే లాభం లేదు.

ప్లైవుడ్‌కీ డిట్రాకీ మధ్య పాలిమర్ కలిపిన మోర్టార్, డిట్రాకీ రాయికీ మధ్య పాలిమర్ లేనిది. మొదటి వరుస వేశాక ఒక మూల ఎత్తి చూస్తే అడుగున ఉండే ఉన్ని పొర సగమే తడిసింది. పొడి ప్లైవుడ్ మోర్టార్‌లో నీళ్ళు పీల్చేసింది. తర్వాతి వరుసల్లో స్పాంజితో నేల తడిపి, మోర్టార్ కొంచెం జారుగా కలిపి, ఒకేసారి చేయి అందినంత మేరకే పూశాం. మళ్ళీ ఎత్తి చూస్తే అంతా అంటింది.

*మందం 1⅜. బరువు 4.6 పౌండ్లు. ఖర్చు 450, మొత్తం 2,950 డాలర్లు.*

దశ 7: పరీక్ష పలకలు

రాయి వెనక వైపు ముందు చూసుకోవాలి. కొన్ని పలకలకి రెసిన్‌తో అతికించిన జాలీ ఉంటుంది, దానికి మామూలు మోర్టార్ పట్టదు, ఎపాక్సీ కావాలి. మావాటికి లేదు, కోత పొడి మాత్రం ఉంది. కడిగి ఆరబెట్టాం.

సహజమైన రాయి కింద కనీసం 95 శాతం మోర్టార్ అంటాలి. 3/8 అంగుళం పళ్ళ తాపీతో పూసి, పలక పెట్టి, వెంటనే లేపి చూస్తే మూలల్లో ఖాళీలు, అంటింది దాదాపు 70 శాతమే. అర అంగుళం పళ్ళ తాపీకి మారి, గీతలన్నీ ఒకే దిక్కున లాగి, పలక వెనక కూడా పలచగా పూసి, గీతలకి అడ్డంగా కాస్త జరిపి నొక్కాం. లేపితే ఖాళీ కనిపించలేదు. ఆ తర్వాత కూడా ప్రతి పెట్టెకీ ఒక పలక లేపి చూస్తున్నాం.

గోడ చుట్టూ పావు అంగుళం ఖాళీ, అందులో మోర్టార్ పడకుండా ఫోమ్ పట్టీ. కింద కొత్త దూలం ఉన్న వరుసకి సరిగ్గా పైన ఒక గీతలో గ్రౌట్ (గీతలు నింపే సిమెంటు) బదులు అదే రంగు సిలికాన్ వేస్తున్నాం. జాయిస్టులు ఇప్పుడు మధ్యలో దూలం మీద ఆనుతున్నాయి కాబట్టి, అటూ ఇటూ బరువు పడ్డప్పుడు ఆ గీత దగ్గర పైభాగం సాగుతుంది. మధ్య ఆధారం పెట్టిన ప్రతి నేలకీ ఇది వర్తిస్తుంది. పెరటి తలుపు దగ్గర ఎండ నేరుగా పడుతుంది, ఎండ పడే చోట 8 నుంచి 12 అడుగులకొక మెత్తటి గీత కావాలి. అందుకని దానికి అడ్డంగా ఇంకొకటి.

మొత్తం మందం 2⅛ అంగుళాలు వచ్చింది. పక్క హాలు చెక్క నేల 1¼. తేడా 7/8 అంగుళం. పెద్దవాళ్ళకి కాలు తట్టుకోకుండా, అంగుళం ఎత్తుకి అడుగు పొడవు చొప్పున, 10½ అంగుళాల చెక్క వాలు పలక చేయిస్తున్నాం. క్యాబినెట్ల కింద కూడా ప్లైవుడ్ బద్దలు వేసి లేపాలి. లేకపోతే డిష్‌వాషర్ గట్టు కిందికి దూరదు, దూరినా మళ్ళీ బయటికి రాదు.

*చదరపు అడుగు బరువు: 4.6 + పై మోర్టార్ 2.5 + రాయి 7.5 = 14.6 పౌండ్లు. జాయిస్టులు దాదాపు 1.8 కలిపితే 16.4. లెక్కకి తీసుకున్న 20లోనే ఉంది.*

పూజ మూలలో పాలరాతి మందిరం రావాలి, అది 300 పౌండ్లు. ఆ మూల గోడ ఆధారానికి దగ్గరగా ఉంది, అదే బరువు బస్తాలు పేర్చి కొలిస్తే 0.01 దాటలేదు. మిగిలిన పలకలు పరిచి, మోర్టార్ ఆరాక గ్రౌట్ వేయడం, తర్వాత సీలర్ పూయడం ఉన్నాయి.